మత్తులో మేనేజరు గారు పలికిన పేరు

1935వ సంవత్సరం. ఏలూరు మిషను ఆసుపత్రిలో నేను డ్రెస్సరుగా పనిచేస్తున్నాను. డ్రెస్సరంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాడు. మా ఆసుపత్రిలో మాత్రం ఆపరేషన్ వేళ క్లోరోఫారం ఇచ్చే పని కూడా నాదే. ఇప్పుడు దానికి వేరే డాక్టర్లు, వేరే యంత్రాలు వచ్చాయి. అప్పుడు మాకున్నదల్లా ఒక మాస్కు, అంటే ముక్కూ నోరూ కప్పే తీగ చట్రం, దాని మీద మడత పెట్టిన పల్చటి గుడ్డ, చేతిలో సీసా. చుక్క చుక్కగా పోయాలి. ఎక్కువైతే గుండె ఆగుతుంది. తక్కువైతే కత్తి కింద ఉన్న మనిషి లేచి కూచుంటాడు. రోగి దవడ కింద నాడి మీద వేలు పెట్టుకుని, ఊపిరి వింటూ, లోపల ప్రార్థన చేసుకుంటూ పోసేవాణ్ణి. నా చేతి మీద ఎవరూ పోలేదు. అది నేర్పు అనుకోను. ప్రభువు కృప.

మత్తిచ్చేటప్పుడు రోగి చేత అంకెలు లెక్కపెట్టించడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే. మా డాక్టరు దొర దాన్ని మార్చాడు. మన పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి లెక్క రాదు. ఎక్కడ తప్పుతామో అని ఆ భయంతో ఇంకా బిగుసుకుపోయేవాళ్ళు. అందుకని ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పమనేవాళ్ళం. అది ఎవరికైనా వచ్చు. భార్య పేరు, పిల్లల పేర్లు, తల్లి పేరు చెపుతూ చెపుతూ నిద్రలోకి జారిపోతారు. గొంతు ఎక్కడ ఆగితే అక్కడ మత్తు పట్టినట్టు మాకు గుర్తు.

ఆ బల్ల మీద విన్నది బయట చెప్పకూడదన్నది ఆసుపత్రి కట్టుబాటు. తెలివి వచ్చాక ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "నేనేమన్నా వాగానాండి?" అని. మేమిచ్చే జవాబు కూడా ఒకటే, "ఇంట్లోవాళ్ళ పేర్లే చెప్పారండి" అని.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ప్యాసింజరు బండిలో, గార్డు పెట్టెలో మంచం వేసి, ఒక మనిషిని తీసుకొచ్చారు. గూడెంలో బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక పెద్ద మిల్లు మద్రాసు కంపెనీది. దాని మేనేజరు నరసింహం గారు. పట్టపగలు ఆఫీసు గదిలో కూచుని ఉండగా, బాయిలరు దగ్గర నిప్పు ఎగదోసే యాకోబు అనేవాడు లోపలికి వచ్చి, బస్తాలు లాగే ఇనప కొక్కెంతో కొట్టాడట. ఒక దెబ్బ భుజంలో ఎముక దాకా దిగింది. రెండోది పక్కటెముకల కింద. ఆయన భార్య సీతమ్మ గారు మంచం పక్కనే నడిచి వచ్చారు. వాళ్ళ వెనకాలే పోలీసులు.

అప్పటి రోజులు ఎలాంటివో ఇప్పటివాళ్ళకి కొంచెం చెప్పాలి. బెంగాలులో దొరల మీద బాంబులు వేస్తున్నారని పేపర్లో రోజూ చదివేవాళ్ళం. ఖద్దరు చొక్కా వేసుకున్న కుర్రవాడు ఆసుపత్రికి వచ్చినా వాడి వెనక ఒక మఫ్టీ మనిషి వచ్చేవాడు. గూడెం మిల్లుల్లో అప్పుడప్పుడే యూనియన్ పెడుతున్నారు. అందుకని నరసింహం గారి మీద దెబ్బ పడగానే, ఎవడు కొట్టాడని ఎవరూ అడగలేదు. యాకోబు కొక్కెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, పారిపోలేదు. ఎవరు కొట్టించారన్నదే అందరికీ కావలసింది.

బల్ల మీద పడుకోబెట్టి మాస్కు దగ్గరకి తెచ్చి, ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పమన్నాను. "సీత" అన్నారు. "రాజా. బుజ్జి." తల్లి పేరు చెప్పారు. గొంతు ముద్దగా అయింది. ఇక ఆగుతుందనుకుని సీసా కాస్త ఎత్తాను. అప్పుడు ఆయన "కరుణమ్మ" అన్నారు. కాసేపాగి, "గేటు తియ్యమనండి" అన్నారు. మళ్ళీ మాట్లాడలేదు.

డాక్టరు దొర చెయ్యి గాయం మీద ఆగిపోయింది. మాస్కు మీదుగా నా వంక చూశాడు. ఆ కరుణమ్మ ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

ఆ మిల్లులో వడ్లు ఆరబోసే దొడ్డి ఒకటి ఉంది. దాన్లో పనిచేసేది ఆడవాళ్ళే. ఒడిలో బియ్యం పోసుకుని పోతారేమోనని, పొద్దున లోపలికి పంపి గేటుకి తాళం వేసేవాళ్ళు. సాయంత్రం మిల్లు కూత కూశాక, ఒక్కొక్కరినీ ఒళ్ళు తడిమి బయటికి వదిలేవాళ్ళు. నడుమ ఎవరికోసమైనా తాళం తియ్యాలంటే మేనేజరు ఉత్తరువు ఉండాలి. అంతకు కొన్ని వారాల ముందు, ఈస్టరు ఉపవాస దినాల్లో ఒకరోజు, నెలలు నిండిన కరుణమ్మకి ఆ దొడ్డిలో రక్తం పడింది. తోటివాళ్ళు గేటు బాదారు. కాపలావాడు ఆఫీసుకి కబురు పంపాడు. బాయిలరు దగ్గర నుంచి మొగుడు పరిగెత్తి వెళ్ళి ఆఫీసు ముందు నిలబడి బతిమాలాడు. గేటు మాత్రం కూత కూశాకే తెరిచారు. మంచం మీద రైలుబండిలో వేసి మా దగ్గరకి తెచ్చేసరికి ఆమె పోయింది, బిడ్డా పోయాడు. స్టేషను నుంచి ఆ మంచం ఒక కొస నేనే మోశాను. రెండో కొస మోసినవాడు ఆమె మొగుడు యాకోబు. 

ఇదంతా తెలిసి కూడా, దొడ్డిలో పనిచేసి పోయిన ఒక కూలి మనిషి పేరు ఆ మేనేజరుకి గుర్తుంటుందని నేను అనుకోలేదు. ఆయన ఆమెని తన ఇంట్లోవాళ్ళ వరసలో చెప్పారు.

మర్నాడు మద్రాసు నుంచి కంపెనీ ఏజెంటు వచ్చాడు. పోలీసుల్లో ప్రత్యేక శాఖ ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చాడు. వార్డు వరండాలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. దాపరికమేమీ లేదు, మేం వింటామని వాళ్ళకి తెలుసు, వినాలనే వాళ్ళ ఉద్దేశం. ఇది కూలివాడు కోపంతో చేసిన కొట్లాట కాదని, ఇవాళ మేనేజరయితే రేపు కలెక్టరని, కంపెనీని కొట్టడమంటే సర్కారుని కొట్టడమేనని ఏజెంటు అనేవాడు. టెర్రరిజం అన్న మాట మొదటిసారి ఆ వరండాలోనే విన్నాను. ఆ పేరు పడితే కేసు మామూలు కోర్టులో నడవదు. ప్రత్యేక చట్టం, ప్రత్యేక జడ్జీలు. ఉరో, అండమానో. కుట్ర కేసు గనక యాకోబుతో పాటు యూనియన్ కుర్రాళ్ళు కూడా. ఇంకొకటి కూడా నాకు నెమ్మదిగా అర్థమైంది. అది కుట్ర అయితే, గేటు సంగతి ఇక ఎవరూ అడగరు.

ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో ఉండగా నరసింహం గారి చేత మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించారు. కొట్టినవాడు విప్లవం పేరు చెప్పి అరిచాడని, గుమ్మం అవతల ఇంకా కొందరు ఉన్నారని ఆయన చెప్పారు. చెప్పారంటే, ఇన్‌స్పెక్టరు అడిగినదానికల్లా తల ఊపారు.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచాడు. యాకోబు మా మిషను సంఘంవాడే కాబట్టి నేనెరుగుదునా అని అడిగాడు. ఎరుగుదునన్నాను.

"రాజుకి లోబడి ఉండమని మీ వేదంలో ఉందిగా?"

"ఉందండి."

"మరి మీవాడు చదవలేదా?"

"అతనికి చదువు రాదండి."

పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. మా ఊరేదని అడిగాడు. మండవల్లి పక్క అని చెప్పాను. కొల్లేరు లంకల్లో మనుషుల్ని దాచడం తేలికేగా అన్నాడు.  నా చెల్లెలు కాపురం ఉన్నది ఆ పక్కనే.

ఆ తరవాత మా అందరికీ భయం పట్టుకుంది. గూడెంలో మా వాళ్ళ పేటలో ఇల్లిల్లూ సోదా చేశారు. పెదపాడులో బుధవారం ప్రార్థన కూడిక మానేశారు. పదిమంది ఒకచోట కూచుంటే కుట్ర అంటారని అక్కడి ఉపదేశి స్వయంగా వచ్చి చెప్పాడు. ఆదివారం గుడిలో కూడా జనం తలవంచుకుని వచ్చి తలవంచుకుని పోయేవాళ్ళు. యాకోబు కోసం ప్రార్థన చెయ్యమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు. మా చెల్లెలు మనిషి చేత కబురు పంపింది, అన్నయ్యని కొన్నాళ్ళు ఇటు రావద్దనమని.

యూనియన్ కుర్రాళ్ళు కొల్లేటిలోకి పారిపోయారని పోలీసులు దోనెలు కట్టించుకుని వెతికారు. ఒకరోజు లంక నుంచి ఒక చేపలు పట్టేవాణ్ణి చెయ్యి విరిగి తీసుకొచ్చారు. లాఠీ దెబ్బ. ఆ చేతికి బద్దలు కడుతుంటే అతను నన్ను అడిగాడు, "ఏవండీ, మేనేజరంటే ఎవరండి?" అని. ఏం చెప్పను? మిల్లులో పెద్ద అన్నాను. "మా ఇంట్లో వరి అన్నమే ఎప్పుడోగానీ వండమండి, మాకు మిల్లుతో ఏం పని?" అన్నాడు. 

డాక్టరు దొర దగ్గరకి వెళ్ళాను. బల్ల మీద మనం విన్న మాట ఇంకా లోపలే ఉంచుకోవాలా అని అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. సర్కారు దయ మీద ఈ దేశంలో మిషను నడుస్తోందని, అయినా తను ఆలోచించేది అది కాదని అన్నాడు. ఒక్కసారి మనం ఆ మాట బయటపెడితే, ఆ బల్ల మీద మళ్ళీ ఏ మనిషీ ధైర్యంగా పడుకోడన్నాడు. అది నిజమే. మరి ఆయనకే చెప్పొచ్చా అన్నాను. ఎవరికి అన్నాడు. చెప్పిన మనిషికే అన్నాను. దొర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

యాకోబుకి అరచేతిలో కొక్కెం దిగిన గాయం ఉంది. అది చీము పట్టడంతో కట్టు కట్టడానికి నన్ను జైలుకి పంపేవాళ్ళు.  ఏడుస్తాడనో, తిడతాడనో అనుకున్నాను. అతను చాలా నెమ్మదిగా ఉన్నాడు. నన్ను అది భయపెట్టింది. యూనియన్ చెయ్యమందని ఒప్పుకోమని పోలీసులు కొడుతున్నారట. ఎవరో ఖద్దరాయన కూడా వచ్చి, దేశం కోసం చేశానని చెప్పు, నీ పేరు నిలిచిపోతుందన్నాడట.

"ఇద్దరూ ఒకటే మాట అనమంటున్నారండి, అన్నగారూ."

"నువ్వేం చెప్పావు?"

"ఏదయినా ఒకటేనండి. ఉరి వేస్తారుగా."

కొక్కెం ఎత్తడం పాపం కాదా యాకోబూ అని అడిగాను. నా పని అది కాదు, అయినా అడగకుండా ఉండలేకపోయాను. అతను నన్ను విననట్టు అరచెయ్యి చూసుకుంటూ కూచున్నాడు.

నరసింహం గారికి జ్వరం తగ్గింది. పక్కటెముకల కింద గాయంలో అయిడోఫారం గాజు, అంటే చీము పట్టకుండా మందు పట్టించిన గుడ్డ పట్టీ, రోజూ తీసి కొత్తది పెట్టాలి. నొప్పి చాలా ఉంటుంది. ఆ పొద్దున సీతమ్మ గారు వరండాలోకి వెళ్ళారు. వార్డులో తలుపు చప్పుడైతే ఆమె ఉలిక్కిపడేవారు, భర్త పక్కన నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టేవారు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పట్టీ లాగుతుంటే ఆయన పళ్ళు బిగించి, నొప్పి మరవడానికన్నట్టు అడిగారు.

"ఏమయ్యా, ఆవేళ మత్తులో నేనేమైనా వాగానా?"

రోజూ చెప్పే జవాబే నా నోట్లో ఉంది. అది చెప్పేసి కట్టు కట్టి వచ్చేస్తే నాకే భయమూ లేదు. 

"ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పారండి. అమ్మగారి పేరు, పిల్లల పేర్లు, మీ తల్లిగారి పేరు. ఆఖర్న కరుణమ్మ అన్నారు. గేటు తియ్యమనండి అన్నారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను పట్టీ పెట్టడం పూర్తి చేశాను. "ఎవరితో చెప్పావు?" అన్నారు.

"ఎవరికీ చెప్పలేదండి. చెప్పను కూడా. చెప్పకూడదు."

"ఇన్‌స్పెక్టరు అడిగితే?"

"ఆయన కొట్టినా చెప్పనండి. అది మీ మాట. మీరే చెప్పాలండి."

"నన్ను చంపబోయినవాడి తరఫున నన్ను మాట్లాడమంటావా?"

"అతని తరఫున కాదండి. అతను చేసింది పాపమే. శిక్ష పడాల్సిందే. ఎవరూ పన్నని కుట్రకి ఆ యూనియన్ పిల్లల్ని ఉరి తియ్యొద్దంటున్నానంతే. మొన్న కొల్లేటి నుంచి ఒకతన్ని చెయ్యి విరగ్గొట్టి తెచ్చారండి. మేనేజరంటే ఎవరని నన్ను అడిగాడు."

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. గోడతోనే అన్నట్టు మాట్లాడారు. "వాడేమీ అరవలేదయ్యా. గుమ్మం దగ్గర నిలబడి, చేతులు కట్టుకున్నట్టే నిలబడి, 'గేటు తీశారాండి?' అని అడిగాడు. అంత మర్యాదగా. ఎప్పుడో తీశాంగా అనబోయాను. అప్పుడు చూశాను కొక్కెం."

తరవాత అన్నదే నేనెప్పటికీ మరిచిపోలేదు. ఏజెంటు వచ్చి, వాడు కొట్టింది నిన్ను కాదు, కంపెనీని, సర్కారుని అన్నప్పుడు తనకి ప్రాణం లేచివచ్చిందన్నారు. వాడు కంపెనీని కొట్టి ఉంటే, ఆఫీసు ముందు నిలబడి బతిమాలిన మనిషిని చూసి కూడా తల వంచుకుని కూచున్నది తను కాదు, కంపెనీయే. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్ళు పడుకున్నానన్నారు. "కానీ సీతని చూడు. తలుపు కదిలితే వణుకుతుంది. ఇది టెర్రరు కాదంటావా?"

కాదనలేదు నేను. భయం భయమేనండి, అది నిజమే అన్నాను. అమ్మగారి భయం ఎంత నిజమో, గూడెం పేటలో ఆడవాళ్ళ భయమూ అంతే నిజమన్నాను. అంతకన్నా చెప్పడానికి నాకు చదువు లేదు. కట్టు చుట్టి, పిన్ను పెట్టి, పళ్ళెం తీసుకుని బయటికి వచ్చేశాను. వరండాలో ఇన్‌స్పెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. అయినా దానికి దూరంగా గోడ వారనే నడిచాను. నరసింహం గారు గనక ఇన్‌స్పెక్టరుతో ఒక్క మాట అంటే, సాక్షిని బెదిరించానని నన్ను కూడా ఆ కేసులో కలిపేస్తారు. ఆ వారమంతా గుమ్మంలో బూట్ల చప్పుడైతే నా కోసమే అనుకున్నాను. సీతమ్మ గారూ నేనూ ఒకేసారి ఉలిక్కిపడేవాళ్ళం.

నరసింహం గారు డాక్టరు దొరని పిలిచి మేజిస్ట్రేటుని మళ్ళీ రప్పించమన్నారు. ఈసారి ఏజెంటుని, ఇన్‌స్పెక్టరుని బయట ఉంచమన్నారు. గుమ్మం అవతల ఎవరూ లేరని, యాకోబు ఏ నినాదమూ ఇవ్వలేదని, అతను అడిగిన ప్రశ్న ఏమిటో, అలా ఎందుకు అడిగాడో చెప్పారు. గేటు గురించి చెప్పారు. నేను చెప్పిన సంగతి మాత్రం చెప్పలేదు. ఏజెంటు ఆ రోజే మద్రాసు వెళ్ళిపోయాడు. నరసింహం గారి ఉద్యోగం పోయిందని ఆయన ఇంకా మంచం మీద ఉండగానే తెలిసింది.

కుట్ర కేసు నిలబడలేదు. అప్పటికి పట్టుకున్న యూనియన్ కుర్రాళ్ళని వదిలేశారు. యాకోబుని మామూలు సెషన్సు కోర్టులోనే, ఒక మనిషి మీద హత్యాప్రయత్నం చేసినందుకు విచారించి, కొన్నేళ్ళ కఠిన జైలు శిక్ష వేశారు. గాయాల గురించి చెప్పడానికి నన్నూ బోనెక్కించారు. ఆ గేటు తాళం మటుకు మారలేదని గూడెం నుంచి వచ్చిన ఆడవాళ్ళు తరవాత కూడా చెప్పేవాళ్ళు.

మేనేజరుని కొట్టడం రాజ్యాన్ని కొట్టడం అవుతుందా అన్న ప్రశ్న ఆ తరవాత కూడా చాలా చోట్ల విన్నాను. జనాన్ని భయపెట్టి రాజ్యాన్ని వంచాలని ఒక ముఠా కట్టి చేస్తే, అవుతుందనే అంటాను. అలాంటివాళ్ళు ఉన్నారు, లేరని చెప్పను. యాకోబు చేసింది అది కాదు. అతను ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి ఒక మనిషిని కొట్టాడు. దానికి పెద్ద పేరు పెట్టాలని చూసిన రెండు పక్షాలూ, కొట్టినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ కూడా మనుషులు కాకుండా చెయ్యబోయాయి. కంపెనీ కోసం, దేశం కోసం అన్నప్పుడు పశ్చాత్తాపానికి చోటుండదు. నేను నమ్మిన దేవుడు మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఎవడు చేసింది వాడి చేతే చెప్పిస్తాడు. ఈ కేసులో నేను నేర్చుకున్నది అదే.

శిక్ష పడ్డాక, రాజమండ్రి జైలుకి పంపేముందు, యాకోబు చేతికి ఆఖరి కట్టు విప్పడానికి వెళ్ళాను. అరచెయ్యి మానింది. మేనేజరు గారు చెప్పిందంతా అతనికి కోర్టులోనే తెలిసింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మొదటిసారి అతని మొహంలో భయం చూశాను.

"ఉరి వేస్తారనుకున్నన్నాళ్ళూ ఏమీ అనిపించలేదండి. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆయనే కనపడుతున్నాడు." చెయ్యి నా చేతిలోంచి లాక్కోకుండానే అడిగాడు, "ఆయనకి ఇంకా నొప్పి పెడుతోందాండి?"

పెడుతోందనే చెప్పాను. యాకోబు నేల మీద మోకరించాడు. వార్డరు వద్దనలేదు. నేనూ అతని పక్కన మోకరించాను.